ఓడినవాడు నడిచి వస్తుంటే లేచి నిలిచిన ఊరు

స్కాట్లాండు దేశపు తూర్పు తీరాన, ఉత్తర సముద్రపు ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ అనే పట్టణం ఉంది. మన తెనాలితోగాని భీమవరంతోగాని పోలిస్తే చాలా చిన్న ఊరు. అయినా రెండు సంగతులను బట్టి దాని పేరు లోకమంతటా వినబడుతుంది. ఒకటి, స్కాట్లాండులో సంఘ సంస్కరణ కొరకు ప్రాణాలర్పించిన హతసాక్షులు కొందరు ఆ ఊళ్ళోనే సజీవ దహనమయ్యారు. రెండవది, గోల్ఫ్ ఆటకు ఆ ఊరు పుట్టినిల్లని పేరు. మొదటి సంగతి వేదాంత పాఠశాలలో సంఘ చరిత్ర తరగతిలో చదువుకున్నాను. రెండవదాని గురించి నాకు ఏమీ తెలియదు. 2022 జూలైలో ఒక సంఘం వారి ఆహ్వానం మీద స్కాట్లాండు వెళ్ళినప్పుడు, ఆ రెండింటినీ ఒకే రోజున చూసే అవకాశం దేవుడు నాకిచ్చాడు.

తిరిగి వచ్చాక మా సంఘ పెద్ద ఒకాయన, "అయ్యగారూ, గోల్ఫ్ అంటే కోటీశ్వరుల ఆట గదా, మీకక్కడేం పని?" అని నవ్వుతూనే అడిగారు. ఆయనకు చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

మేము ముగ్గురం

నన్ను తీసుకువెళ్ళినవాడు నా హాస్టలు రోజుల మిత్రుడు. గుంటూరు జిల్లాలో ఒకే మిషను హాస్టలులో, ఒకే గదిలో చాపలు పరచుకొని పెరిగినవాళ్ళం. పన్నెండేళ్ళుగా అతను డండీ నగరంలో కాపురముంటున్నాడు. భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. పదిమందిలో అతను నన్ను "అయ్యగారూ" అంటాడు. ఇద్దరమే ఉంటే "ఒరేయ్" అంటాడు. మూడవ ఆయన అతని పొరుగింటి పెద్దాయన. డెబ్బై ఎనిమిదేళ్ళ స్కాట్లాండు వాస్తవ్యుడు. చిన్నతనంలో సెలవుల్లో గోల్ఫ్ ఆటగాళ్ళ సంచులు మోసి పుస్తకాలకు డబ్బు కూడబెట్టుకున్నవాడు. ఇప్పుడు తమ వీధి చివరి చర్చిలో పెద్ద. ఆ రోజు మా ఇద్దరికీ గురువు ఆయనే.

ఆ ఏడు జరిగింది 150వ ఓపెన్ పోటీ. 1860లో ప్రెస్ట్‌విక్ అనే చోట కేవలం ఎనిమిది మంది ఆటగాళ్ళతో ఆ పోటీ మొదలైంది. 2022లో టిక్కెట్ల కోసమే 13 లక్షలకు పైగా దరఖాస్తులు వస్తే చీటీలు తీసి ఇచ్చారు. నా మిత్రునికి శుక్రవారానికి మూడు టిక్కెట్లు అంతకు ముందటి ఏడే దొరికాయి. ఒకటి అతని బావమరిదికని తీసుకున్నది. ఆయన రాలేకపోవడం వల్ల నాకు దక్కింది.

టిక్కెట్లు తీసుకున్ననాటికి నా మిత్రునికి ఉద్యోగముంది. మేము ఆట చూడ వెళ్ళేనాటికి లేదు. ఆ సంగతి నాకు రైల్లో తెలిసింది. అతని అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. పేరు మాత్రం వ్రాయను.

టే నది మీద

సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు. ఉన్న లైను 1969లో మూసివేశారు. డండీలో రైలెక్కి టే నది దాటి లూకర్స్ అనే స్టేషనులో దిగి, అక్కడినుండి బస్సులో వెళ్ళాలి. టే నది అక్కడ సముద్రంలో కలవబోతూ మన గోదావరిలాగా విశాలంగా ఉంటుంది. రైలు వంతెన మీద పోతుండగా కిటికీలోంచి చూస్తే, పక్కనే నీళ్ళలో వరుసగా మొండి స్తంభాల మొదళ్ళు కనిపించాయి. అవి పాత వంతెన తాలూకు మొదళ్ళని పెద్దాయన చెప్పాడు. 1879 డిసెంబరు 28న, ఆదివారం రాత్రి, పెద్ద గాలివానలో ఆ వంతెన నడిమి భాగం కూలిపోయింది. అప్పుడే దాని మీద పోతున్న రైలు నదిలో పడి, అందులోనివారు ఒక్కరూ బ్రతకలేదు. ఆ మొదళ్ళ పక్కనే 1887లో కొత్త వంతెన కట్టారు. మా రైలు పోతున్నది దాని మీదే.

పెద్దాయన ఇంగ్లీషులో ఈ సంగతి ముగించి కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు నా మిత్రుడు తెలుగులో, గొంతు తగ్గించి, "ఒరేయ్, మా కంపెనీవాళ్ళు మమ్మల్ని తీసేసి ఐదు నెలలైందిరా. నాన్నకింకా చెప్పలేదు" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు రైలు నది దాటింది. స్టేషనులో జనం తోసుకుంటున్నారు. మాట అక్కడ ఆగిపోయింది.

కర్ర, బంతి, గుంట

గోల్ఫ్ తెలియని చదువరుల కోసం నాలుగు మాటలు. చిన్నప్పుడు మనమాడిన బిళ్లంగోడులో బిళ్ళను ఎంత దూరం కొడితే అంత గొప్ప. గోల్ఫ్‌లో దూరం కొట్టడం సగమే. ఆఖరికి ఆ చిన్న బంతి నేలలోని చిన్న గుంటలో పడాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారు గెలిచినట్టు. ఒక్కో గుంటకు మంచి ఆటగానికి ఎన్ని దెబ్బలు సరిపోతాయో ముందే కట్టిన లెక్కను 'పార్' అంటారు. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సుకు పార్ 72. పోటీ నాలుగు రోజులు. 156 మంది మొదలుపెడతారు. రెండు రోజులయ్యాక వెనుకబడ్డవారు ఇంటికి పోవాలి. దాన్నే 'కట్' అంటారు.

ఓల్డ్ కోర్సులో పెద్ద చెట్ల నీడ ఉండదు. సముద్రం వదిలిన ఇసుక నేల, ఎగుడుదిగుడు గడ్డి, గాలి. ఆ ఏడు ఎండలకు గడ్డి మన వేసవి పొలాల్లాగా గోధుమ రంగుకు తిరిగింది. ఆటగాణ్ణి పట్టుకోవడానికి అప్పుడు 112 ఇసుక గుంటలుండేవి, వాటిని బంకర్లంటారు. వాటిలో ఒకదాని పేరు నరకం! లోకమంతటా ఈ ఆటకు పద్దెనిమిది గుంటలే ఎందుకంటే, 1764లో ఈ ఊరివారు తమ ఇరవై రెండు గుంటలను పద్దెనిమిదికి తగ్గించుకున్నారు గనుక. మిగతా లోకం తరువాత వారిని అనుసరించింది. ఇంతకంటె పాత సంగతి కూడా ఉంది: ప్రజలు విలువిద్య మానేసి ఈ ఆటలో పడుతున్నారని 1457లోనే స్కాట్లాండు పార్లమెంటు గోల్ఫును నిషేధించింది.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి మరొకటి. ఈ నేల ఏ కోటీశ్వరునిదీ కాదు, ప్రజలది. ఓపెన్ వంటి పెద్ద పోటీలు జరిగే ఆదివారాలు తప్ప, మిగతా ఆదివారాల్లో అక్కడ ఆట ఉండదు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డి మీద షికారు చేస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ మైదానాన్ని కనిపెట్టుకొని ఉన్న టామ్ మారిస్ అనే దైవభక్తిగల మనిషి ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టాడు. మనుషులకు విశ్రాంతి అక్కర లేకపోయినా నేలకు కావాలని ఆయన అనేవాడని చెబుతారు. నేలకు కూడా విశ్రాంతి దినమున్నదని మోషే ధర్మశాస్త్రం ఎరిగిన మనకు ఆ మాట కొత్తది కాదు.

నిశ్శబ్దం నేర్పే ఆట

మన క్రికెట్ మైదానంలో అరుపులే అరుపులు. ఇక్కడ ఆటగాడు బంతి దగ్గర నిలబడగానే కాపలా ఉన్న స్వచ్ఛంద సేవకులు చేతులెత్తుతారు. అంతే, వేలాది మంది ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంటారు. సముద్రపు పక్షుల కేకలు మాత్రం వినబడతాయి. ఒక మనిషి తన పని చేసుకోవడానికి ఇంతమంది నోరు మూసుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆరాధనలో కూడా చూడలేదని చెప్పడానికి కొంచెం బాధగానే ఉంది.

ఇంకొక సంగతి. క్రికెట్‌లో ప్రతి బంతి దగ్గరా అంపైరు ఉంటాడు. ఇక్కడ ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. ఒకని లెక్క తోటి ఆటగాడు వ్రాస్తాడు; ఆట ముగిశాక ఆ చీటీ సరిచూసుకొని సంతకం పెట్టవలసిన బాధ్యత ఆడినవానిదే. ఎవరూ చూడని గడ్డిలో తన వల్ల బంతి కదిలితే, కదిలిందని తానే చెప్పి శిక్ష వేసుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే ఆటగాడు, మరెవరూ చూడకపోయినా, తన బంతి కదిలిందని పట్టుపట్టి ఒక దెబ్బ లెక్కలో కలుపుకున్నాడు. ఆఖరికి ఆ పోటీ సమానమై, మళ్ళీ ఆడిన ఆటలో ఓడిపోయాడు.

పదకొండవ గుంట దగ్గర

మధ్యాహ్నం పదకొండవ గుంట దగ్గర కూర్చున్నాం. అది మైదానానికి ఆ చివర, ఈడెన్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. మిత్రుని భార్య కట్టి ఇచ్చిన పులిహోర డబ్బా విప్పాం. పెద్దాయన వేరుశెనగ పప్పులు ఏరుకొని తింటూ ఎదురుగా ఉన్న ఇసుక గుంట చూపించి ఒక సంగతి చెప్పాడు.

ఇందాక చెప్పిన బాబీ జోన్స్ 1921లో పందొమ్మిదేళ్ళ కుర్రవాడుగా మొదటిసారి ఈ ఊళ్ళో ఓపెన్ ఆడాడు. మూడవ ఆటలో అన్నీ ఎదురు తిరిగి ఈ పదకొండవ గుంట దగ్గర ఇసుకలో చిక్కుకున్నాడు. విసిగిపోయి ఆట మధ్యలోనే పోటీ విడిచిపెట్టాడు. ఆటగానికి అంతకంటె సిగ్గుచేటు లేదు. కాని ఆ కుర్రవాడే 1927లో ఇదే మైదానానికి తిరిగి వచ్చి ఓపెన్ గెలిచాడు. 1958లో, వెన్నెముక జబ్బుతో కాళ్ళు స్వాధీనం తప్పిన స్థితిలో వచ్చినప్పుడు, ఈ ఊరు అతనికి గౌరవ పౌరసత్వమిచ్చింది. అంతకుముందు 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు తప్ప ఏ అమెరికా వానికీ ఇవ్వని గౌరవం అది.

నాకు వెంటనే మార్కు అనబడిన యోహాను జ్ఞాపకమొచ్చాడు. పౌలు మొదటి సువార్త యాత్రలో పంఫూలియ దగ్గర పని విడిచి వెనక్కి వెళ్ళిపోయినవాడు. మళ్ళీ అతన్ని వెంట తీసుకు వెళ్ళనని పౌలు పట్టుపట్టాడు. బర్నబా అతని పక్షాన నిలబడ్డాడు. చివరికి చెరసాలలో వృద్ధుడైన పౌలే ఆ మార్కును తోడుకొని రమ్మని తిమోతికి వ్రాశాడు. మధ్యలో బర్నబా లేకపోతే ఆ ఉత్తరం ఉండేదా?

ఈ మాటే మిత్రునితో అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నెల నెలా ఇళ్ళల్లో మన తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక జరుగుతుంది. ఫిబ్రవరి నుంచి వెళ్ళడం మానేశాను. వెళితే ఏం చేస్తున్నావని అడుగుతారు. ఆ కూడికలో నేనెన్ని సాక్ష్యాలు చెప్పాన్రా! ఇల్లు కొన్నప్పుడు చెప్పాను. కారు కొన్నప్పుడు చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇప్పుడు లేచి ఏం చెప్పను? దేనికి స్తోత్రం అంటారు?" అన్నాడు.

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు కొన్ని ఉన్నాయి. అవి అప్పుడు చెప్పవలసినవి కావనిపించింది. పులిహోర డబ్బా మూసి ముగ్గురం లేచాం.

పద్దెనిమిదవ గుంట

తిరిగి ఊరి వైపు నడిచి వచ్చేసరికి పద్దెనిమిదవ గుంట దారి పొడవునా కంచె వెంబడి జనం కిక్కిరిసి ఉన్నారు. మొదటి గుంట, పద్దెనిమిదవ గుంట పక్కపక్కనే ఉంటాయి. వాటికి అడ్డంగా స్విల్కెన్ అనే చిన్న వాగు. దాని మీద గొర్రెల కాపరులు నడిచేవారని చెప్పే చిన్న రాతి వంతెన. మన పొలాల్లో పంటకాలువ మీద ఉండే తూము వంతెన కంటె పెద్దదేమీ కాదు. ఆ ఊళ్ళో ఓపెన్ ఆడి సెలవు తీసుకునే గొప్ప ఆటగాళ్ళు ఆ వంతెన మీద నిలబడి చెయ్యి ఊపడం వాడుక.

ఆ రోజు జనమంతా ఎదురుచూస్తున్నది టైగర్ వుడ్స్ కోసం. ఈ మైదానంలో 2000లోను, 2005లోను ఓపెన్ గెలిచినవాడు. 2021 ఫిబ్రవరిలో కారు ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఆ కాలు తీసివేయవలసి వస్తుందేమోనని కూడా అనుకున్నారు. కుంటుతూనే ఆడ వచ్చాడు. గురువారం మొదటి గుంట దగ్గరే అతని బంతి ఈ వాగులో పడింది. మొదటి రోజు 78, రెండవ రోజు 75. పార్ కంటె తొమ్మిది ఎక్కువ. కట్ దగ్గరకు కూడా రాలేదు. లెక్క ప్రకారం అతను ఆ రోజు పూర్తిగా ఓడినవాడు.

అతను వంతెన దగ్గరకు వస్తుండగా, పక్కన ఆడుతున్న ఇద్దరు ఆటగాళ్ళు, సంచి మోసే క్యాడీ కూడా కావాలని వెనుక ఆగిపోయారు. అతను ఒక్కడే ముందుకు నడవాలని. వంతెన మీద ఆగలేదు. టోపీ తీసి ఊపుతూ దాటాడు. కట్టిన గ్యాలరీల్లో కూర్చున్నవారంతా లేచి నిలబడ్డారు. మేడల కిటికీల్లో, మెట్ల మీద మనుషులు. చప్పట్లు అలలాగా ఇటునుంచి అటు పాకాయి. అప్పుడే మొదటి గుంట వైపు నుండి ఆట మొదలుపెట్టి వస్తున్న రోరీ మెకిల్‌రాయ్ టోపీ తాకి అతనికి వందనం చేశాడు. వుడ్స్ కళ్ళు తుడుచుకున్నాడు.

వుడ్స్ జీవితమంతా మనకు మాదిరి అని నేను చెప్పడం లేదు. అతని కుటుంబ జీవితంలో జరిగిన పతనం లోకమెరిగినదే. 2010లో అతనే అందరి ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. నేను చూసింది అతన్ని కాదు, జనాన్ని. తొమ్మిది ఎక్కువతో ఓడి వస్తున్న మనిషి కోసం ఒక ఊరు ఊరంతా లేచి నిలబడింది.

నా మిత్రుడు చప్పట్లు కొడుతూనే, నా చెవి దగ్గర, "వుడ్స్ కాబట్టి లేచార్రా. నాకెవడు లేస్తాడు?" అన్నాడు.

అది న్యాయమైన ప్రశ్న. ఒకప్పుడు గెలిచినవాడు గనుక లోకం లేచింది. ఎప్పుడూ గెలవనివాని సంగతేమిటి? ఆ మాటను పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి వెనుక నుంచి ముగ్గురు ఆటగాళ్ళు వచ్చారు. వాళ్ళ పేర్లు మాకు తెలియవు. చుట్టూ ఉన్నవారిలో సగం మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవారు వాళ్ళకు కూడా చప్పట్లు కొట్టారు. పెద్దాయన కర్ర చంకన పెట్టుకొని, రెండు చేతులూ ఎత్తి, ఆ ముగ్గురూ గ్రీన్ చేరేదాకా కొడుతూనే ఉన్నాడు. తరువాత మా వైపు తిరిగి, వాళ్ళు కూడా పద్దెనిమిది గుంటలూ నడిచారు గదా అన్నాడు. ఆయన ఇచ్చిన జవాబు అంతే.

ఊళ్ళో రాళ్ళు చెప్పే సంగతులు

సాయంకాలం ఊళ్ళో తిరిగాం. ఆ దేశంలో జూలై నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. 1413లో పుట్టిన విశ్వవిద్యాలయపు పాత గుమ్మం ముందు నేల రాళ్ళలో రెండక్షరాలు పరచి ఉన్నాయి. ప్యాట్రిక్ హామిల్టన్ పేరులోని మొదటి అక్షరాలవి. రక్షణ విశ్వాసం ద్వారానే అని బోధించినందుకు 1528 ఫిబ్రవరి 29న అక్కడే అతన్ని కాల్చారు. వయస్సు 24. ఆ అక్షరాల మీద అడుగు వేస్తే పరీక్ష తప్పుతామని విద్యార్థులు నేటికీ పక్కనుంచి నడుస్తారు! ఆ రోజు చూసినవారికి హామిల్టన్ ఓడిపోయినట్టే కనబడి ఉంటాడు. ముప్పై రెండేళ్ళకు, 1560లో, స్కాట్లాండు దేశమే సంస్కరణ వైపు తిరిగింది.

మన దేశానికి మిషనరీగా వచ్చిన అలెగ్జాండర్ డఫ్ చదివింది కూడా ఈ విశ్వవిద్యాలయంలోనే. ఇండియాకు వస్తూ దారిలో ఓడ బద్దలై తన గ్రంథాలయమంతా పోగొట్టుకొని, 1830లో కలకత్తా చేరి బడి పెట్టాడు. నేటి స్కాటిష్ చర్చి కాలేజీకి మొదలు అదే.

ఊరి చివర పెద్ద దేవాలయపు శిథిలాలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. దాని ఆవరణలోని సమాధుల తోటలో, ఆదివారపు ఆట మాన్పించిన టామ్ మారిస్, అతని కుమారుడు చిన్న టామ్ నిద్రిస్తున్నారు. తండ్రి నాలుగుసార్లు, కుమారుడు నాలుగుసార్లు ఓపెన్ గెలిచినవారు. కుమారుని నాలుగు గెలుపులూ వరుసగా వచ్చాయి. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెరిక్ అనే చోట ఆడుతుండగా, ప్రసవ వేదనలో చిన్న టామ్ భార్య ప్రాణాపాయంలో ఉన్నదని తంతి వచ్చింది. పడవలో సముద్రం దాటి ఇల్లు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేడు. ఆ ఏడు క్రిస్మస్ దినాననే చిన్న టామ్ కూడా చనిపోయాడు. హామిల్టన్ లాగానే అతనికీ 24 ఏళ్ళే. తండ్రి ఇంకా ముప్పై రెండేళ్ళకు పైగా, 1908 వరకు, అదే ఊళ్ళో, అదే మైదానం పక్కన బ్రతికాడు. పోగొట్టుకున్న మనిషిగా ఆ ఊరు ఆయన్ని దూరంగా పెట్టలేదు; ప్రేమతో 'పాత టామ్' అని పిలుచుకుంది. పద్దెనిమిదవ గుంటకు ఈనాటికీ ఆయన పేరే.

తండ్రికి చేసిన ఫోను

మరునాడు ఉదయం, మన దేశంలో మధ్యాహ్నం కావస్తున్న వేళ, నా మిత్రుడు వంటగదిలో కూర్చొని ఊరికి ఫోను చేశాడు. నన్ను కదలవద్దన్నట్టు చెయ్యి చూపించాడు. "నాన్నా, ఉద్యోగం పోయింది. ఐదు నెలలైంది. చెప్పలేకపోయాను" అన్నాడు. ఫోను బిగ్గరగా పెట్టాడు గనుక అవతలి మాట నాకు వినబడింది. ముసలాయన కాసేపు ఆగి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

నా మిత్రుడు ఏడ్చాడు. ఐదు నెలలుగా తాను భయపడిన ప్రశ్న అది కాదు.

ఆదివారం పెద్దాయన చర్చికి మా ముగ్గురం, మిత్రుని భార్య కలసి వెళ్ళాం. సాయంత్రం టీవీలో పోటీ ముగింపు చూశాం. ఆస్ట్రేలియాకు చెందిన కామెరాన్ స్మిత్ ఆ రోజు 64 దెబ్బలతో ముగించి, మొత్తం 268తో గెలిచాడు. మరొకరితో సమానంగా మొదటి స్థానంలో ఆ రోజు మొదలుపెట్టిన మెకిల్‌రాయ్ తప్పేమీ చేయలేదు. 70 ఆడాడు. అయినా మూడవ స్థానంలో మిగిలాడు. తప్పు చేసినవారే వెనుకబడతారని చెప్పే మనకు ఆ ఫలితం కొంచెం ఆలోచింపజేసేది. ఆ నెలే అతను తిరిగి తెలుగు ప్రార్థన కూడికకు వెళ్ళాడు. ఉద్యోగం దొరక్క ముందే వెళ్ళాడు.

మన సంఘాల్లో ఎవరు లేస్తారు?

ప్రియ చదువరులారా, మన కూడికల్లో సాక్ష్యానికి లేచేవారెవరు? వీసా వచ్చినవారు, సీటు వచ్చినవారు, ఇల్లు కట్టినవారు. వారి కోసం దేవుని స్తుతించవలసిందే. కాని ఆ వరుసలోనే, వెనుక బెంచీలో, ఉద్యోగం పోయినవాడు ఉన్నాడు. పరీక్ష తప్పిన పిల్ల ఉంది. సంబంధం తప్పిపోయిన కూతురి తల్లి ఉంది. వారు నెమ్మదిగా రావడం మానేస్తారు. వాళ్ళ విశ్వాసం చల్లారిందని మనం అనుకుంటాం. చెప్పుకోవడానికి గెలుపు లేకపోవడం వల్ల వాళ్ళు రావడం లేదేమో!

సెయింట్ ఆండ్రూస్ జనం ఒకప్పుడు గెలిచినవాని కోసం లేచారు. లోకం అంతవరకు చేయగలదు. క్రీస్తు సంఘం అంతకంటె ఒక అడుగు ముందుకు వెయ్యాలి. మన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి పెట్టింది గెలిచి వచ్చిన శిష్యుల కోసం కాదు. ముమ్మారు ఎరుగనన్నవాడు, పారిపోయినవారు, రాత్రంతా వల వేసినా ఏమీ పట్టలేనివారు అక్కడికి వచ్చారు. ముందు భోజనం పెట్టాడు. ప్రశ్న తరువాత అడిగాడు. గుంటూరు జిల్లాలోని ఆ ముసలి తండ్రికి ఆ క్రమం తెలుసు.

మా సంఘంలో ఒక చిన్న పని మొదలుపెట్టాం. పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో, పాసైన పిల్లల ఇళ్ళకు మిఠాయి తీసుకొని వెళ్ళేవారు చాలామంది ఉంటారు గనుక, సంఘ పెద్దలిద్దరు, నేను ముందుగా తప్పిన పిల్లల ఇళ్ళకు వెళుతున్నాం. మార్కులు అడగం. వాళ్ళింట్లో కూర్చొని టీ తాగి, ప్రార్థన చేసి వస్తాం. గోల్ఫ్ మైదానంలో మీకేం పని అని నన్నడిగిన పెద్దాయన కూడా ఆ ఇద్దరిలో ఒకరు. పోయిన ఏడు ఒక ఇంట్లో తప్పిన కుర్రవాడు గదిలోంచి బయటకు రానన్నాడు. ఆయన గుమ్మం బయటే అరగంట కూర్చున్నారు. తలుపు తెరుచుకొని ఆ కుర్రవాడు ఇవతలికి రాగానే, డెబ్బై ఏళ్ళ ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

మీ సంఘంలో ఈ నెల ఎవరు రావడం మానేశారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. వారింటికి వెళ్ళండి. అటువంటి మనసు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.